మూడో ఏడాది గడిలోనే ఉండిపోయే పనులు

1973 డిసెంబరు 15న న్యూయార్క్‌లోని వెస్ట్ సైడ్ హైవే మీద ఒక లారీ వెళ్తోంది. ఉక్కు స్తంభాల మీద నిలబెట్టిన ఎత్తు రోడ్డది. లారీలో ఉన్నది అదే రోడ్డు మరమ్మతు కోసం తీసుకెళ్తున్న తారు మిశ్రమం. ఉన్నట్టుండి లారీ కింద రోడ్డు కూలింది. లారీతో పాటు ఒక కారు కూడా కింద పడింది. అదృష్టం కొద్దీ ప్రాణాలు పోలేదు. ఆ రోడ్డులో చాలా భాగాన్ని అప్పుడే మూసేశారు. ఆ తర్వాత ఏళ్లలో ముక్కలు ముక్కలుగా కూల్చేశారు.

ఉక్కుకు తుప్పు ఒక్క రాత్రిలో పట్టదు. చలికాలంలో మంచు కరగడానికి చల్లే ఉప్పు ఏళ్ల తరబడి ఆ రోడ్డును తింటూ వచ్చింది. చూసుకోవాల్సిన తీరులో ఎవరూ చూసుకోలేదు. ఆ నిర్ణయం ఏ సమావేశంలో జరిగిందని వెతికితే దొరకదు. రోడ్డును కూలనిద్దామని ఎవరూ చెయ్యెత్తి ఓటు వేయరు. ఈ ఏడాదికి ఆగుదాం, వచ్చే ఏడాది చూద్దాం అని పక్కన పెడతారు, అంతే. నగరాలు పెద్ద ఖర్చులను ఎలా ప్లాన్ చేస్తాయి, ఎలా ఆమోదిస్తాయి అన్నది తెలియాలంటే, కట్టినవాటిని లెక్కపెట్టడం కంటే ఇలా పక్కన పెట్టినవాటి వెంట వెళ్తేనే ఎక్కువ అర్థమవుతుంది.

రెండు పద్దులు ఎందుకు

ఏ నగరపాలక సంస్థ లెక్కల్లో చూసినా ఖర్చు రెండు రకాలుగా కనిపిస్తుంది. జీతాలు, కరెంటు బిల్లులు, చెత్త ఎత్తడం, గుంతలు పూడ్చడం లాంటివి రెవెన్యూ ఖర్చు. ఈ ఏడాది పెడితే ఈ ఏడాదితోనే అయిపోతుంది, వచ్చే ఏడాది మళ్లీ పెట్టాలి. వంతెన, నీళ్ల ట్యాంకు, మురుగుశుద్ధి కేంద్రం, ఫైర్ స్టేషన్, పెద్ద కాలువ లాంటివి మూలధన వ్యయం. వాడుకలో క్యాపిటల్ ఖర్చు అంటారు. ఒకసారి కడితే ఇరవై, యాభై, ఒక్కోసారి వందేళ్లు పనికొస్తుంది. లండన్‌లో 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు దాకా వచ్చాక డబ్బు, అధికారం ఇచ్చి కట్టించిన మురుగు సొరంగాలు ఈ రోజుకీ పనిచేస్తున్నాయి. వాటిని కట్టించిన ఇంజినీరు జోసెఫ్ బాజల్‌గెట్ పోయి వందేళ్లు దాటిపోయింది.

ఇన్నేళ్లు పనికొచ్చే వస్తువు ఖర్చంతా ఒకే ఏడాది పన్ను కట్టేవాళ్ల నెత్తిన వేయడం అన్యాయం. అందుకే దానికి అప్పు చేసి, వాడుకునే తరాలన్నీ తలా కొంచెం తీర్చేలా చూస్తారు. జీతాలకు అప్పు చేస్తే మాత్రం ఇవాళ తిన్న తిండి బాకీ రేపటివాళ్లు కట్టినట్టవుతుంది. రెండు పద్దులను వేరుగా పెట్టడం వెనక ఉన్న అసలు కారణం ఇదే.

ఈ గీత చెరిపేస్తే ఏమవుతుందో కూడా న్యూయార్కే చూపించింది. రోజువారీ ఖర్చుల్లో కొన్నింటిని క్యాపిటల్ పద్దులోకి జరిపి, వాటికి అప్పులు తెస్తూ ఆ నగరం చాలా ఏళ్లు నెట్టుకొచ్చింది. కాగితం మీద బడ్జెట్ సరిపోయినట్టే కనిపించేది. 1975లో బ్యాంకులు కొత్త అప్పు ఇవ్వడానికి వెనక్కి తగ్గడంతో దివాలా అంచుకు చేరింది. నగరం తరఫున అప్పు తేవడానికి రాష్ట్రం ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టాల్సి వచ్చింది. ఆ కరువు కాలంలో మొదట కోత పడింది నిర్వహణకే. 1988లో విలియమ్స్‌బర్గ్ వంతెనను తనిఖీ చేసినవాళ్లు తుప్పు చూసి వాహనాలను ఆపేయించారు. ఇప్పుడు అదే నగరం తన చార్టర్ (నగర పాలన నియమావళి) ప్రకారం రెండేళ్లకోసారి పదేళ్ల క్యాపిటల్ వ్యూహం ప్రచురిస్తోంది.

జాబితా ఎలా పుడుతుంది

పద్ధతి చాలాచోట్ల ఇంచుమించు ఒకటే. నీటి విభాగం, రోడ్లు, పార్కులు, అగ్నిమాపక శాఖ తమకు కావాల్సిన పనులను ఏటా ఒక ఫారంలో రాసి పంపుతాయి. ఆర్థిక విభాగం, ప్లానింగ్ విభాగం కూర్చుని వాటిని వడపోస్తాయి. అయిదారేళ్లకు ఒక పట్టిక తయారవుతుంది. నిలువు గడుల్లో సంవత్సరాలు, అడ్డ వరసల్లో పనులు. మొదటి ఏడాది గడిలో ఉన్న అంకె ఆ ఏటి క్యాపిటల్ బడ్జెట్‌లోకి వెళ్తుంది, దాని వెనక నిజమైన డబ్బు ఉంటుంది. రెండో ఏడాది నుంచి ఉన్నవి ఉద్దేశాలు మాత్రమే, చాలా నగరాల్లో వాటికి ఎవరూ కట్టుబడి ఉండనక్కర్లేదు. ఏడాది గడిచాక మొదటి గడి తీసేసి, చివర కొత్త గడి చేర్చి, పట్టికను ఒక అడుగు ముందుకు జరుపుతారు.

ఒక ఫారం చేతిలోకి తీసుకుని చూద్దాం. నీటి విభాగం నుంచి వచ్చింది అనుకుందాం. పని: ఒక పేటలో 3 కిలోమీటర్ల పాత పోత ఇనుము పైపు తీసి కొత్తది వేయడం. పైపు వయసు 60 ఏళ్లు. మూడేళ్ల కింద ఏడాదిలో నాలుగుసార్లు పగిలింది, నిరుడు పదకొండుసార్లు. దాని మీద ఆధారపడిన ఇళ్లెన్ని, మధ్యలో ఆసుపత్రి ఉందా, పగిలిన ప్రతిసారీ గుంత తవ్వి పూడ్చడానికి ఎంతవుతోంది అన్న వివరాలు వరసగా ఉంటాయి. అదే రోడ్డుకు రెండేళ్లలో కొత్త తారు వేసే ఆలోచన రోడ్ల విభాగానికి ఉందా అన్న ప్రశ్న చివర్లో ఉంటుంది. చూడ్డానికి చిన్న ప్రశ్నే గానీ, దీన్ని ఎవరూ అడగకపోతే కొత్త తారు రోడ్డును ఆరు నెలలు తిరక్కుండానే పైపు కోసం తవ్వేస్తారు. ప్రతి నగరంలోనూ జనం కళ్లారా చూసి తిట్టుకునే దృశ్యమది. రెండు ఫారాలను ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసే మనిషి లేకపోవడమే దానికి కారణం.

ఫారంలో అత్యంత విలువైనది పైపు పరిస్థితి గురించిన సమాచారం. అది లేని నగరాలే ఎక్కువ. ఎక్కడ ఏ పైపు ఉంది, ఎప్పుడు వేశారు అన్నది రిటైరైన ఫిట్టర్‌ను పిలిపించి అడిగితే తప్ప తెలియని పరిస్థితి ఉంటే, ప్లాన్ ఎంత అందంగా అచ్చు వేసినా అది ఊహాగానమే. రోడ్లకు 0 నుంచి 100 దాకా కండిషన్ మార్కులు వేసే పద్ధతి దశాబ్దాలుగా వాడుకలో ఉంది. మార్కులు బాగున్న దశలో పైపూత వేస్తే తక్కువలో పోతుంది. బాగా దెబ్బతిన్నాక పునాది నుంచి తవ్వాల్సిందే, ఖర్చు ఎన్నో రెట్లు. పళ్లకు పుచ్చు పట్టినట్టే ఇదీ. విచిత్రమేమిటంటే ఇది తెలిసి కూడా చాలా నగరాలు అధ్వానంగా ఉన్న రోడ్డునే ముందు పట్టుకుంటాయి, ఎందుకంటే ఫిర్యాదులు వచ్చేది దాని మీదే. ఈలోపు బాగున్న రోడ్లు కూడా అధ్వానం జాబితాలోకి జారిపోతుంటాయి.

మార్కులు, ఒత్తిళ్లు

వచ్చిన ఫారాలన్నింటికీ డబ్బు ఎప్పుడూ సరిపోదు. కాబట్టి మార్కులు వేస్తారు. ప్రాణాలకు ముప్పు ఉందా, చట్టం లేదా కోర్టు చెప్పిన పనా, ఉన్న ఆస్తిని కాపాడుతుందా, ఎంతమందికి ఉపయోగం, బయటి నుంచి గ్రాంటు వస్తుందా అన్నవి మామూలుగా చూసే అంశాలు. అమెరికాలోని మినియాపొలిస్‌లో ఈ మార్కులు వేసే పనిని అధికారులకే వదిలేయకుండా పౌరుల కమిటీకి ఇచ్చారు. కౌన్సిల్ సభ్యులు, మేయర్ నియమించిన మామూలు మనుషులు ఫారాలు చదివి, శాఖలను ప్రశ్నించి, పనులకు ర్యాంకులు ఇస్తారు. వాళ్లు ఇచ్చేది సలహా మాత్రమే. అయినా ఆ ర్యాంకులు అందరి ముందూ ఉంటాయి కాబట్టి, అడుగున ఉన్న పనిని ఎవరైనా పైకి లాగితే ఎందుకు లాగారో చెప్పాల్సి వస్తుంది.

మార్కుల పద్ధతికీ లొసుగులు ఉన్నాయి. ఏ అంశానికి ఎంత వెయిటేజీ అన్నది నిర్ణయించినప్పుడే సగం ఫలితం తేలిపోతుంది. 'ఎంతమందికి ఉపయోగం' అన్నదానికి ఎక్కువ మార్కులు పెడితే శివారు పేటలు ఎప్పటికీ వెనకే ఉంటాయి. గ్రాంటు వచ్చే పనికి ఎక్కువ మార్కులు పెడితే నగరానికి కావాల్సినవి కాకుండా పైప్రభుత్వాలకు నచ్చినవే ముందుకొస్తాయి. మ్యాచింగ్ గ్రాంటు ఆశతో సగం వాటా పెట్టడానికి ఒప్పుకుని, ఆ వాటా కోసం అత్యవసరమైన కాలువ పనిని ఆపిన నగరం లాభపడినట్టు కాదు.

జనానికి ఇలాంటివి అర్థం కావని, వాళ్లకు పైకి కనిపించే హంగులే కావాలని అధికారుల్లో ఒక నమ్మకం ఉంది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె అనుభవం దీన్ని తప్పని చూపించింది. 1989 నుంచి అక్కడ పేటల సభలు పెట్టి, పెట్టుబడి డబ్బు ఎక్కడ ఖర్చు చేయాలో జనాన్నే అడిగారు. తొలి ఏళ్లలో పేదల పేటల నుంచి వచ్చిన కోరికల్లో ముందున్నవి మురుగు కాలువలు, తాగునీరు, వీధులకు రోడ్లు. భూమిలో పూడ్చేసే పైపును కూడా జనం అడుగుతారు. కాకపోతే ఎంత డబ్బుంది, ఏ పనికి ఎంతవుతుంది అన్నది వాళ్లకు ముందే చెప్పాలి.

అంచనా ఎప్పుడు వేశారు

పట్టికలో ఒక పని పక్కన ఉన్న అంకె ఎంత నమ్మదగినది అన్నది, డిజైన్ ఎంతవరకూ వచ్చాక ఆ అంకె వేశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మట్టి పరీక్ష కూడా జరగని దశలో వేసిన అంచనా, పూర్తి డ్రాయింగుల మీద వేసిన అంచనా పట్టికలో ఒకేలా కనిపిస్తాయి. రెండూ అంకెలే కదా! సిడ్నీ ఒపేరా హౌస్ పని 1959లో డ్రాయింగులు పూర్తి కాకుండానే మొదలైంది. 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు అనుకున్నది 1973లో తెరిచేనాటికి 10.2 కోట్లు అయింది. నేడు అది ప్రపంచం మెచ్చే కట్టడం, అందులో సందేహం లేదు. కానీ మెచ్చుకోలు లెక్క వేరు, అంచనా లెక్క వేరు. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని మాఫీ చేయడం కుదరదు.

అందుకే తెలిసిన నగరాలు ముందు డిజైన్‌కు మాత్రమే డబ్బు ఇస్తాయి. డిజైన్ వచ్చి అంచనా గట్టిపడ్డాక నిర్మాణానికి వేరుగా ఆమోదం తీసుకుంటాయి. డిజైన్ మీద ఖర్చు పెట్టాక పని వద్దనుకున్నా నష్టం కొద్దిగానే. శంకుస్థాపన అయ్యాక ఆపడం ఎవరి వల్లా కాదు.

ఫారంలో ఇంకో గడి ఉంటుంది, చాలాసార్లు ఖాళీగా. కట్టాక ఏటా నడపడానికి ఎంతవుతుంది? లైబ్రరీ కడితే లైబ్రేరియన్ కావాలి, వాచ్‌మన్ కావాలి, పుస్తకాలు కొనాలి, పైకప్పు కారితే బాగుచేయాలి. భవనానికి డబ్బు క్యాపిటల్ పద్దులోంచి, గ్రాంటులోంచి వస్తుంది. నడిపే డబ్బు మాత్రం రెవెన్యూ పద్దులోంచే రావాలి, అక్కడ ఇప్పటికే ఇరుకు. రిబ్బన్ కత్తిరించి తాళం వేసేసిన భవనాలన్నీ ఈ ఖాళీ గడిలోంచి పుట్టినవే.

డబ్బు ఎక్కడిది

సొంత మిగులు, పైప్రభుత్వాల గ్రాంట్లు, కొత్త నిర్మాణాల మీద వసూలు చేసే అభివృద్ధి రుసుములు, అప్పు. ఇవే దారులు. మొదటి మూడింటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, ఉంటే ఉంటాయి లేకపోతే లేవు. అప్పు దగ్గరే తెలివీ తప్పూ రెండూ బయటపడతాయి.

100 కోట్ల అప్పు 8 శాతం వడ్డీకి తీసుకుని 20 ఏళ్లు సమాన వాయిదాల్లో తీరిస్తే ఏటా సుమారు 10.2 కోట్లు కట్టాలి. మొత్తం 204 కోట్ల దాకా అవుతుంది. గడువును 30 ఏళ్లకు పెంచితే వాయిదా 8.9 కోట్లకు తగ్గుతుంది, మొత్తం మాత్రం 266 కోట్లు దాటుతుంది. వాయిదా తగ్గింది కదా అని సంతోషించే ముందు, కొన్న వస్తువు 30 ఏళ్లు ఉంటుందా అని చూడాలి. 12 ఏళ్లలో మూలపడే వాహనాలకు 30 ఏళ్ల అప్పు చేస్తే, తుక్కు కింద అమ్మేసిన బండికి ఇంకా 18 ఏళ్లు కిస్తీ కడుతూ ఉండాలి. మాంట్రియల్ 1976 ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియం అప్పు తీరింది 2006లో.

వాయిదా వేయడానికీ వడ్డీ ఉంటుంది, అది ఏ బ్యాంకు పుస్తకంలోనూ కనబడదు. నిర్మాణ ధరలు ఏటా 6 శాతం పెరిగితే 10 కోట్ల పని అయిదేళ్లకు 13 కోట్లు దాటుతుంది. ఈలోపు పైపు పగుళ్లకు పెట్టిన ఖర్చు, జనం పడ్డ అవస్థ దీనికి అదనం. కాబట్టి అప్పంటేనే చెడ్డదని చేతులు ముడుచుకుని కూర్చునే నగరం కూడా పొదుపు చేస్తున్నట్టు కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కో ఈ రెండు చివరల మధ్య ఒక మంచి నియమం పెట్టుకుంది. బాండ్లు, అంటే అప్పు తేవడానికి నగరం అమ్మే పత్రాలు, తీర్చడానికి వేసే ఆస్తి పన్ను రేటు 2006 స్థాయిని దాటకూడదు. పాత బాండ్లు తీరుతున్న కొద్దీ ఏర్పడే ఖాళీలోనే కొత్తవి తేవాలి. దాంతో పదేళ్ల ప్లాన్‌లో ఏ ఏడాది దేనికి బాండ్లు వస్తాయో వరస ముందే తెలిసిపోతుంది. ఒక పని ముందుకు జరగాలంటే ఇంకొకటి వెనక్కి జరగాలి, అది అందరికీ కనిపిస్తుంది. మన దేశంలో అహ్మదాబాద్ 1998లో రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ లేకుండా 100 కోట్ల రూపాయల బాండ్లు తెచ్చింది. అంతకు ముందు పన్ను వసూళ్లు, లెక్కలు సరిచేసుకుని, క్రెడిట్ రేటింగ్ (అప్పు తీర్చగల సత్తాకు ఇచ్చే గ్రేడు) తెచ్చుకోవడం వల్లే అది సాధ్యమైంది. అప్పిచ్చేవాడు ప్లాన్‌లోని రంగుల బొమ్మలు చూడడు, పన్ను వసూలు లెక్క చూస్తాడు.

ఇంగ్లండ్‌లోని వోకింగ్ కౌన్సిల్ అతిగా అప్పు చేసే చివరకు ఉదాహరణ. పట్టణం నడిబొడ్డున ఎత్తైన భవనాల కోసం, ఆస్తుల కోసం అప్పు మీద అప్పు చేసింది. 2023 జూన్‌లో చేతులెత్తేసిన నాటికి ఆ ఏడాదికి దానికి అందుబాటులో ఉన్న ప్రధాన నిధులు 1.6 కోట్ల పౌండ్లు, ఎదుట నిలిచిన లోటు 120 కోట్ల పౌండ్లు. ఇంత అప్పుకూ సరైన ఆమోదాలు లేకపోలేదు. కౌన్సిల్ సంతకాలన్నీ ఉన్నాయి.

చెయ్యెత్తే రోజు

పట్టిక కమిటీలు దాటి, ప్రజాభిప్రాయ సేకరణ దాటి కౌన్సిల్ ముందుకు వస్తుంది. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో ఆస్తి పన్నుతో తీర్చే బాండ్లకు ఓటర్ల అనుమతి కూడా కావాలి. కాలిఫోర్నియా నగరాల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఇంకొన్ని దేశాల్లో రాష్ట్ర ప్రభుత్వమో కేంద్రమో అప్పుకు పరిమితి పెడుతుంది.

ఈ దశలో అసలు ప్రశ్న ఒకటే: చదవడానికి ఎంత టైమ్ ఇచ్చారు? 2008 డిసెంబరులో చికాగో నగరం తన పార్కింగ్ మీటర్లను 75 ఏళ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి లీజుకు ఇచ్చింది. వచ్చింది సుమారు 115 కోట్ల డాలర్లు. ఒప్పందం బయటపెట్టిన రెండు రోజులకే కౌన్సిల్ ఆమోదించేసింది. మరుసటి ఏడాది నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ (నగర పాలనలో తప్పులను విచారించే అధికారి) లెక్క కట్టి, ఆ మీటర్ల విలువ నగరానికి వచ్చిన దానికంటే కనీసం 97.4 కోట్ల డాలర్లు ఎక్కువని తేల్చారు. 2083 దాకా నడిచే ఒప్పందమది. చెయ్యెత్తిన సభ్యుల్లో ఎంతమంది దాన్ని పూర్తిగా చదివి ఉంటారు? రెండు రోజుల్లో చదవగలిగిన కాగితం కాదది. దీర్ఘకాలపు ఖర్చు గానీ, దీర్ఘకాలపు అమ్మకం గానీ వారాల తరబడి బల్ల మీద ఉండాలి. విలేకరులు, ఇంజినీర్లు, అనుమానం వచ్చిన మామూలు మనిషి దాన్ని తిరగేయాలి.

ఆమోదం అయ్యాక కూడా డబ్బు కదలదు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండర్లు, స్థలం చిక్కులు, కరెంటు తీగలు జరపడం, కాంట్రాక్టరు బిల్లులు. ఏడాది చివర చూస్తే బడ్జెట్లో రాసినదాంట్లో నిజంగా ఖర్చయింది చాలా తక్కువ ఉంటుంది. మిగిలింది స్పిల్ ఓవర్ పేరుతో పక్క ఏడాదికి పోతుంది, అక్కడ ఆ ఏటి పనులను వెనక్కి తోస్తుంది. చేయగలిగిన దానికంటే ఎక్కువ రాసుకునే అలవాటే దీనికి మూలం. ఇద్దరే ఇంజినీర్లున్న విభాగానికి ఇరవై ప్రాజెక్టులు మంజూరు చేస్తే అందులో పద్దెనిమిది కాగితం మీదే ఉంటాయి. 'మీ పేటకు మంజూరైంది' అని చెప్పుకోవడానికి మాత్రం అవి పనికొస్తాయి.

ఒక నగరం ప్లాన్ ఎలా నడుస్తోందో ఎవరైనా ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. ఈ ఏటి పట్టిక, మూడేళ్ల కిందటి పట్టిక పక్కపక్కన పెట్టుకోవాలి. అప్పట్లో మూడో ఏడాది గడిలో ఉన్న పనులు లెక్క ప్రకారం ఈపాటికి మొదలై ఉండాలి. వాటి పేర్లు ఒక్కొక్కటే కొత్త పట్టికలో వెతకాలి. కొన్ని పూర్తయి ఉంటాయి. కొన్ని అసలు మాయమై ఉంటాయి, ఎందుకు తీసేశారో ఒక్క వాక్యం కూడా ఉండదు. ఇంకొన్ని మళ్లీ మూడో ఏడాది గడిలోనే, కాస్త పెరిగిన అంకెతో కనిపిస్తాయి. వాటిలో వంతెన ఎన్ని ఉన్నాయి, నీళ్ల పైపు ఎన్ని ఉన్నాయి అన్నది పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ప్రజాభిప్రాయ సేకరణ రోజున ఆ కాగితం వెంట తీసుకెళ్లాలి.